‘వొసే’: ఒక పోర్చుగీసు సంబోధన ఏడు వందల ఏళ్ల నడక

సావో పావులో నగరంలో భార్య భర్తను వొసే అంటుంది. కొట్టువాడు కొనడానికి వచ్చినవాణ్ణి, పిల్లలు స్నేహితుల్ని, స్నేహితులు ఒకరినొకరు అదే మాటతో పిలుచుకుంటారు. అందులో తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు. అదే మాటను లిస్బన్‌లో ఒక కుర్రవాడు పక్కింటి పెద్దాయనతో అంటే ఆయన చిన్నబుచ్చుకోవచ్చు. బ్రెజిల్ దక్షిణ కొసన ఉన్న పోర్టో అలెగ్రేలో రోజువారీ మాటల్లో దాని అవసరం అంతగా పడదు. అక్కడ చనువున్నవాళ్లందరూ తు అనే మరో సర్వనామంతో పిలుచుకుంటారు. పోర్చుగల్ సరిహద్దు దాటి స్పెయిన్‌లోకి వెళ్తే, అదే పుట్టుక గల ఉస్తెద్ ఈనాటికీ నిండు మర్యాద మాట.

ఒకే నుడికారం నుంచి పుట్టిన మాట ఒకచోట చనువు, ఒకచోట మర్యాద, ఇంకోచోట మనసు నొప్పించే మాట ఎలా అయింది? పోర్చుగీసు భాషాచరిత్రలో ఎక్కువ చర్చ జరిగిన ప్రశ్నల్లో ఇది ఒకటి. లిస్బన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లిండ్లే సింత్రా 1972లో సంబోధనల మీద వెలువరించిన చిన్న పుస్తకం దీనికి గట్టి పునాది వేసింది. ఆ తర్వాత బ్రెజిల్ పరిశోధకులు పాత ఉత్తరాలు, నాటకాలు, రికార్డు చేసిన సంభాషణలు ముందేసుకుని ఊరూరి వాడుకనూ పరిశీలించారు. ఆ పనంతా కలిపి చూస్తే తేలేది ఒకటే: మర్యాద అనేది మాట పుట్టుకలో ఉండదు, దాన్ని వాడే జనం మధ్య కుదిరిన ఒప్పందంలో ఉంటుంది. ఒక ప్రాంతపు ఒప్పందంతో మరో ప్రాంతపు మాటను తూచడం అన్యాయం.

రాజు ‘దయ’ నుంచి

వొసే మూలం వోస మెర్సే. ‘మీ దయ’, ‘తమ అనుగ్రహం’ అని దాని అర్థం. మెర్సే అన్న మాటకు లాటిన్‌లోని తల్లి మెర్సెస్. కూలి, జీతం, వెల అని దాని తొలి అర్థాలు. క్రైస్తవ లాటిన్‌లో అది దేవుడిచ్చే ఫలంగా, ఆ తర్వాత దయగా మారింది. ఫ్రెంచివాళ్లు ధన్యవాదం చెప్పే మెర్సీ, దయకు ఇంగ్లిష్‌లో వాడే మెర్సీ, స్పానిష్ మెర్సెద్ అన్నీ ఈ కుటుంబానివే.

మధ్యయుగపు పోర్చుగీసులో ఎదుటివాణ్ణి పిలవడానికి రెండే సర్వనామాలు ఉండేవి: ఏకవచనంలో తు, బహువచనంలో వోస్. మనం ఒక్క మనిషినే ‘మీరు’ అన్నట్టుగా వాళ్లూ గౌరవానికి వోస్ వాడేవారు. అయితే ఆ వోస్ రాజుకీ, ఓ మోస్తరు పెద్దమనిషికీ ఒక్కటే అయింది. రాజుకు అంతకంటే ఎత్తైన పీట కావలసివచ్చింది. 14వ శతాబ్దంలో సభల్లో, విన్నపాల్లో రాజును ‘తమ దయ’ అని సంబోధించడం మొదలైంది. మనిషిని నేరుగా పిలవకుండా ఆయనలోని గొప్ప గుణాన్ని పిలవడం అన్నమాట. మన జమీందారీ కాలపు అర్జీల్లో ‘ఏలినవారు దయచేసి’, ‘ప్రభువులవారి సముఖానికి’ అని రాయడంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

ఈ పద్ధతి వల్ల వ్యాకరణంలో ఒక మార్పు వచ్చింది. మాట్లాడేది ఎదుటి మనిషితోనే అయినా కర్త స్థానంలో ఉన్నది ‘దయ’ అనే నామవాచకం. అందువల్ల క్రియ ప్రథమ పురుషలోకి వెళ్లింది. ‘మీరు చెబుతారా’ అనాల్సిన చోట ‘తమ దయ చెబుతుందా’ అన్నట్టు. ఆ దయ ఏనాడో మరుగునపడింది కానీ ఆ క్రియారూపం ఈనాటికీ వొసేకు అంటిపెట్టుకునే ఉంది. బ్రెజిల్ పోర్చుగీసు వ్యాకరణంలో తర్వాత జరిగిన పెద్ద మార్పులు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

గొప్పవాళ్లకు పెట్టిన మాటను కింది మెట్టువాళ్లు తమకూ కావాలనుకుంటారు. 15వ శతాబ్దంలో రాజకుటుంబం ‘ఉన్నతి’, ‘ప్రభుత’ అనే అర్థమిచ్చే కొత్త బిరుదులకు మారింది. మెర్సే కులీనుల దగ్గరికి, వాళ్ల నుంచి వర్తకుల దగ్గరికి దిగింది. 16వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నాటకాలు రాసిన జిల్ విసెంతి పాత్రల్లో పట్నపు మామూలు మనుషులు కూడా ఒకరినొకరు ఇలా పిలుచుకుంటారు. ఎక్కువగా అచ్చు కొట్టిన నాణెంలా ఆ మాట విలువ చేతులు మారిన కొద్దీ తగ్గిపోయింది.

పాలకులు దీన్ని ఆపాలని చూడకపోలేదు. ఎవరిని ఏ బిరుదుతో పిలవాలో నిర్ణయిస్తూ రెండో ఫిలిప్ 1586లో స్పెయిన్‌లో ఒక శాసనం చేశాడు. అప్పటికి పోర్చుగల్ సింహాసనమూ అతనిదే. 1597లో అక్కడా అలాంటి చట్టమే వచ్చింది. ఐదో జువావ్ రాజు 1739లో మరో శాసనంతో వాటిని సవరించాడు. అన్నేళ్ల వ్యవధిలో మళ్లీ మళ్లీ శాసనం చేయవలసి వచ్చిందంటేనే జనం వాటిని పట్టించుకోలేదని తెలుస్తుంది.

అరిగిపోయిన అక్షరాలు

రోజుకు వందసార్లు నోట పలికే మాట పూర్తి రూపంతో నిలవదు. వోస మెర్సే మొదట వోసెమెసే అయింది, తర్వాత వోస్మెసే, ఆ తర్వాత వొసే. బ్రెజిల్ సంభాషణల్లో అది ఇంకా తగ్గి ఒసే, చివరికి ఒట్టి సే అయింది. పలుకులో ఊనిక చివరి అక్షరం మీద ఉండటం వల్ల ముందున్నవన్నీ కరిగిపోయి ఊనిక ఉన్న ముక్క మిగిలింది. ఈ తరం వాళ్లు ఫోన్ సందేశాల్లో రెండే హల్లులు రాసి దాన్ని వొసే అని చదువుకుంటారు.

మధ్య మెట్టుమీది రూపాలన్నీ ఒక్కసారిగా చచ్చిపోలేదు. పోర్చుగల్ పల్లెల్లో పెద్దలను గౌరవంగా పిలవడానికి వోసెమెసే చాలా కాలం నిలిచింది. బ్రెజిల్ దక్షిణ మైదానాల పశువుల కాపరుల భాషలో వాన్సే అనే రూపం ఉండేది. సిమోయిస్ లోపేస్ నేతో 1912లో వెలువరించిన ‘కొంతూస్ గావుషేస్కూస్’ కథల్లో ముసలి కథకుడు బ్లావు నూనిస్ తన శ్రోతను ఈ మాటతోనే పిలుస్తాడు. కాబట్టి ఇవి ఒకదాని తర్వాత ఒకటి వరసగా వచ్చిపోయిన రూపాలు కావు. ఒకే కాలంలో వేర్వేరు వర్గాల నోళ్లలో పక్కపక్కనే బతికిన రూపాలు.

స్పెయిన్‌లోనూ ఇదే కథ వేరుగా జరిగింది. అక్కడి వ్యుయెస్త్ర మెర్సెద్ క్రమంగా అరిగి వుస్తెద్, ఉస్తెద్ అయింది. అరబ్బీ ‘ఉస్తాద్’ నుంచి ఉస్తెద్ వచ్చిందనే వాదన ఒకటి అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఉస్తాద్ మనకు బాగా తెలిసిన మాట కావడంతో తెలుగువారికి అది నమ్మబుద్ధి కూడా అవుతుంది. కానీ మధ్య రూపాలన్నీ పాత రాతల్లో వరుసగా దొరుకుతున్నాయి కనుక భాషావేత్తలు దాన్ని అంగీకరించరు. అదేవిధంగా బ్రెజిల్ ఒసేకూ మన ‘ఒసేయ్’కూ ఏ సంబంధమూ లేదు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

సముద్రం దాటిన పాత పొర

వొసే వయసు గురించి మంచి సాక్ష్యం పోర్చుగల్ బయట దొరుకుతుంది. 15, 16 శతాబ్దాల్లో పోర్చుగీసు నావికులు ఆఫ్రికా తీరంలో, ఆసియా రేవుల్లో దిగినచోట పోర్చుగీసు పదాలతో, స్థానిక భాషల ప్రభావంతో కొత్త మిశ్రమ భాషలు పుట్టాయి. వీటినే క్రియోల్ భాషలంటారు. కేప్ వెర్డీ దీవుల క్రియోల్‌లో ‘నువ్వు’ అనడానికి బు, బో అంటారు. సావో తోమే దీవిలో బో అంటారు. మకావులోని పాత మిశ్రమ భాషలో వోస్. ఇవన్నీ మధ్యయుగపు వోస్ పిల్లలే. కేప్ వెర్డీలో పెద్దలను గౌరవించే ఞ్యో, ఞ్య అనే మాటలు సెన్యోర్, సెన్యోరాల నుంచి వచ్చాయి. వొసే వీటి పునాదిలో కనిపించదు.

దీన్నిబట్టి ఆ ఓడల్లో వెళ్లిన మనుషుల నోట నిత్యం వినిపించిన పిలుపు వోస్ అని అర్థమవుతుంది. వొసే అప్పటికింకా పొట్టిరూపం దాల్చి సర్వనామంగా కుదురుకోలేదు. తల్లి దేశంలో వోస్ తర్వాత దాదాపు కనుమరుగైంది. ప్రార్థనల్లో, గంభీరమైన ఉపన్యాసాల్లో, ఉత్తర పోర్చుగల్‌లోని కొన్ని పల్లెల్లో మాత్రం మిగిలింది. పాత ఇంటి దూలం ఊరి బయట మరో ఇంట్లో చెక్కుచెదరకుండా ఉన్నట్టు, ఈ భాషలు 16వ శతాబ్దపు సంబోధనను మనకు నేరుగా వినిపిస్తున్నాయి.

పోర్చుగల్: పలకకుండా పిలవడం

సింత్రా తన కాలపు పోర్చుగల్‌లో మూడు మెట్లు గుర్తించాడు. ఇంట్లో, స్నేహంలో తు. సన్నిహితం కాని సమానులతోనూ, పైవాడు కిందివాడితోనూ వొసే. గౌరవం చూపాల్సిన చోట సెన్యోర్, సెన్యోరా, ఇంకా పై బిరుదులు. ఈ మెట్లలో మధ్యది ఎప్పుడూ జారుడుగానే ఉంది. కిందివాడు పైవాణ్ణి వొసే అంటే మర్యాద తప్పినట్టు. బాగా దగ్గరివాణ్ణి అంటే దూరం పెట్టినట్టు. పోర్చుగల్‌లో పిల్లలు పెద్దలను వొసే అన్నప్పుడు, అది గుర్రపుశాలలో వాడుకునే మాట అని గదమాయించే సామెతలాంటి మందలింపు కూడా ఉంది.

అలాగని దేశమంతా ఒక్కటే లెక్క కాదు. కొన్ని పల్లె ప్రాంతాల్లో తల్లిదండ్రులను, తాతలను వొసే అనడం గౌరవమే. లిస్బన్ పరిసరాల్లోని పాత ఉన్నత కుటుంబాల్లో భార్యాభర్తలు, తల్లీపిల్లలు సైతం ఒకరినొకరు వొసే అనుకుంటారు. అది వాళ్ల వర్గానికి గుర్తు. ఆ మాటంటే ఎక్కువ ఇబ్బంది పడేది పట్నాల్లోని మధ్యతరగతి.

అందుకే పోర్చుగీసువాళ్లు దాన్ని పలకకుండా పని నడిపే నేర్పు పెంచుకున్నారు. సర్వనామం వదిలేసి ప్రథమ పురుష క్రియను మాత్రం వాడతారు. ‘ఇంగ్లిష్ మాట్లాడతారా?’ అని మనం ‘మీరు’ లేకుండా అడిగినట్టే ఇదీ. క్రియ ఒక్కటే ఉంటే మర్యాద, వొసే చేరిస్తే మొరటు. రెండో దారి ఎదుటి మనిషి పేరునే కర్తగా పెట్టడం. జువావ్ ముందు కూర్చుని ఉండగా ‘జువావ్ కాఫీ తాగుతాడా?’ అన్న ధోరణిలో ఆయననే అడుగుతారు. మూడో దారి డాక్టరు గారు, ఇంజనీరు గారు అన్నట్టు చదువునో వృత్తినో పట్టుకుని పిలవడం.

1974 ఏప్రిల్ 25న సైనికులు తిరుగుబాటు చేసి దశాబ్దాల నియంతృత్వాన్ని కూలదోశాక పోర్చుగల్‌లో తు పరిధి బాగా పెరిగింది. సహోద్యోగుల మధ్య, పిల్లలకూ తల్లిదండ్రులకూ మధ్య అది మామూలైంది. బహువచన రూపం వొసేస్‌కు ఏకవచనానికున్న చేదు లేదు. వోస్ ఖాళీ చేసిన చోటులో అదే కూర్చుంది. అయితే ‘మీది’, ‘మీతో’ అనడానికి మాత్రం పాత వోస్ రూపాలే దానితో జతకట్టి నడుస్తున్నాయి.

బ్రెజిల్: ఒక దేశం, అనేక పిలుపులు

బ్రెజిల్ అంతా వొసే అంటుందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. 20 కోట్లకు పైగా జనం ఉన్న దేశానికి ఆ వాక్యం చాలదు. మార్తా షేరే, ఆమె సహపరిశోధకులు దేశమంతటా జరిగిన అధ్యయనాలను కూర్చి, 2015లో వెలువడిన ఒక వ్యాసంలో ఆరు ఉపవ్యవస్థలుగా విడదీశారు. వొసే ఒక్కటే వాడే ప్రాంతాలు, తు ముందుండే ప్రాంతాలు, రెండూ కలిసి నడిచే ప్రాంతాలు, తు వాడినప్పుడు దానికి తగిన క్రియను కలిపే ప్రాంతాలు, కలపని ప్రాంతాలు అన్నవి ఆ విభజనకు ఆధారం.

సావో పావులో నగరం, మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో అధిక భాగం, ఎస్పీరితో సాంతో రాజధాని వితోరియా, దక్షిణాన కురితీబా వొసే నేల. మినాస్ మనుషుల నోట ఒసే, సే ఎక్కువగా వినిపిస్తాయి. సావో పావులో రాష్ట్రంలోనే సముద్రం ఒడ్డున ఉన్న సాంతోస్‌లో మాత్రం తు బతికే ఉంది. బయియా రాజధాని సాల్వదోర్ వొసే వైపు మొగ్గుతుంది.

దక్షిణాన పోర్టో అలెగ్రేలో తు ప్రజల ముద్దుమాట. కానీ దాంతో వాడే క్రియ వొసేదే. పాత వ్యాకరణం ప్రకారం ‘తు ఫాలస్’ అనాలి, వాళ్లు ‘తు ఫాలా’ అంటారు. పక్క రాష్ట్రంలోని ఫ్లోరియనోపోలిస్‌లో క్రియనూ తుకు తగ్గట్టే కలిపే అలవాటు ఎక్కువ. 1748 నుంచి అసోరీస్ దీవుల కుటుంబాలు వచ్చి అక్కడ స్థిరపడిన చరిత్రతో పరిశోధకులు దీన్ని ముడిపెడతారు. ఉత్తరాన అమెజాన్ ముఖద్వారం దగ్గర ఉన్న బెలేమ్‌లో, మరన్యావ్ రాజధాని సావో లూయీస్‌లో కూడా ‘తు ఫాలస్’ వినిపిస్తుంది. ఈశాన్యంలో ఫోర్తలేజా, రెసీఫే నగరాల్లో తు, వొసే కలగలిసి ఉంటాయి.

రియో డి జనీరో కథ వేరు. అక్కడ 20వ శతాబ్దపు తొలి సగంలో వొసే తును వెనక్కి నెట్టింది. గత కొన్ని దశాబ్దాల్లో తు మళ్లీ వచ్చింది, ఈసారి వొసే క్రియను వెంటబెట్టుకుని, ముఖ్యంగా యువకుల స్వేచ్ఛగా సాగే ముచ్చట్లలో. 1960లో రాజధానిగా వెలసిన బ్రసీలియాలోనూ దేశం నలుమూలల నుంచి వచ్చినవారి పిల్లలు పెరిగాక కుర్రాళ్ల మాటల్లో తు మొలకెత్తింది. పోయిందనుకున్న మాట తిరిగి వస్తున్నప్పుడు పాత అర్థంతో రాదు. ఇక్కడ అది జట్టుకు, వయసుకు గుర్తుగా వచ్చింది.

మరన్యావ్ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. తుకు క్రియ సరిగ్గా కలుపుతారు కనుక బ్రెజిల్‌లో అత్యుత్తమ పోర్చుగీసు అక్కడే ఉందని చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది. భాషావేత్త మార్కోస్ బాన్యో 1999లో ప్రచురించిన భాషా దురభిమానం మీది పుస్తకంలో దీన్ని ఒక అపోహగా లెక్కించి ఖండించాడు. ఒక్క ముగింపు అక్షరాన్ని పట్టుకుని ఒక ప్రాంతపు భాషను నెత్తికెత్తుకోవడం, అది పలకని కోట్ల మందిని చదువురానివాళ్లుగా చూడటం శాస్త్రం కాదు.

బ్రెజిల్‌లో మర్యాద లేదనుకోవడమూ పొరపాటే. పెద్దవాళ్లను, తెలియని వయోధికులను సెన్యోర్, సెన్యోరా అంటారు. చట్టసభల్లో, న్యాయస్థానాల్లో భారీ బిరుదులు ఇప్పటికీ మోగుతాయి. 2019 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 9758వ నంబరు ఉత్తర్వు ద్వారా తన కార్యనిర్వాహక శాఖ అధికారులకు ఇతర బిరుదులు వద్దని, సెన్యోర్ ఒక్కటే చాలని ఆదేశించింది. 1597లో రాజు ఆందోళన బిరుదులు కిందివాళ్ల చేతిలో పడుతున్నాయని. 2019 నాటి ఆలోచన బిరుదులే అక్కర్లేదని. రెండింటి మధ్య నాలుగు వందల ఏళ్ల సమాజపు మార్పు ఉంది.

ఆఫ్రికాలో అంగోలా, మొజాంబిక్ దేశాల పాఠశాలలు పోర్చుగల్ ప్రమాణాన్నే బోధిస్తాయి. వీధి మాటల్లో మాత్రం తు, వొసే ఒకే సంభాషణలో, కొన్నిసార్లు ఒకే వాక్యంలో కలిసిపోతాయి. బంటు భాషలు మాట్లాడే తల్లుల ఒడిలో పెరిగినవాళ్ల పోర్చుగీసు తన లెక్క తాను రాసుకుంటోంది.

సర్వనామం మారితే వ్యాకరణం కదిలింది

పాత పోర్చుగీసు క్రియకు ఆరు రూపాలు: నేను, నువ్వు, అతను, మనం, మీరు, వాళ్లు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. వొసే రావడంతో ‘నువ్వు’ క్రియ ‘అతను’ క్రియతో కలిసిపోయింది. వొసేస్ రావడంతో ‘మీరు’ క్రియ ‘వాళ్లు’ క్రియతో కలిసింది. ‘మనం’ అనడానికి ‘జనం’ అని అర్థమిచ్చే అ జెంచి కూడా ఏకవచన క్రియతో వాడుకలోకి వచ్చింది. బ్రెజిల్ సంభాషణలో ఇప్పుడు తరచు మూడే రూపాలు మిగులుతున్నాయి.

దీనివల్ల ఏమవుతుందో తెలుగువారికి సులభంగా బోధపడుతుంది. ‘వస్తావు’ అంటే నువ్వే. ‘వస్తారు’ అంటే మీరో, వారో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. బ్రెజిల్‌లో ఈ సందిగ్ధం ఏకవచనంలోనూ పాకింది కాబట్టి కర్తను పైకి చెప్పడం తప్పనిసరి కావచ్చింది. పరిశోధకురాలు మరియా ఎవుజేనియా దువార్తే 1845 నుంచి 1992 వరకు రియోలో రాసిన జనరంజక నాటకాలను పరిశీలించి 1993లో దీన్ని లెక్కగట్టింది. సర్వనామం చెప్పకుండా వదిలేసిన వాక్యాలు 1845లో 80 శాతం. 1918లో ఇంకా 75 శాతం. 1937 వచ్చేసరికి 54 శాతానికి పడ్డాయి. 1992లో 26 శాతం మాత్రమే. పెద్ద పతనం వచ్చిన ఆ రెండు దశాబ్దాలే రియోలో తు స్థానంలోకి వొసే జొరబడిన కాలం.

సేలియా లోపేస్, ఆమె బృందం పాత కుటుంబ ఉత్తరాలు చదివినప్పుడు కూడా 1920, 30 దశకాల చుట్టూ ఇదే మలుపు కనిపించింది. అయితే మార్పు ఏకంగా జరగలేదు. కర్తగా వొసే వచ్చి కూర్చున్నా, కర్మ స్థానంలో తు కుటుంబానికి చెందిన తే కదలలేదు. ‘వొసేకు తెలుసు, నేను నిన్ను ప్రేమిస్తున్నానని’ అన్న తీరులో రెండు వరుసలు కలిసిన వాక్యాలు ఈనాటి బ్రెజిల్ పాటల్లో, ప్రేమలేఖల్లో మామూలే. పంతుళ్లు వాటిని తప్పు అంటూనే ఉన్నారు, జనం అంటూనే ఉన్నారు. ఆజ్ఞార్థకంలోనూ అంతే. రియో, సావో పావులోల్లో వొసేతో మాట్లాడుతూనే ‘రా’ అనడానికి తు రూపం వాడతారు. సాల్వదోర్‌లో వొసేకు తగిన రూపమే ఎక్కువ.

ఎందుకిలా జరిగింది?

సంబోధనల మీద ప్రసిద్ధమైన సిద్ధాంతం రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రతిపాదించింది. యూరప్ భాషల్లో ఒక చనువు మాట, ఒక మర్యాద మాట ఉంటాయనీ, ఒకప్పుడు అధికారం వాటిని నిర్ణయించేదనీ, ఆధునిక కాలంలో సఖ్యం నిర్ణయిస్తోందనీ వాళ్లన్నారు. 1974 తర్వాతి పోర్చుగల్‌కు ఇది బాగానే అతుకుతుంది. బ్రెజిల్‌కు అతకదు. అక్కడ తు, వొసేల మధ్య తేడా చాలాచోట్ల చనువు, మర్యాదల తేడా కాదు. ఊరు, వయసు, సందర్భాల తేడా.

బ్రెజిల్‌లో వొసే గెలవడానికి పరిశోధకులు అనేక కారణాలు చెబుతారు. కార్లోస్ అల్బెర్టో ఫరాకో 1996 నాటి వ్యాసంలో చూపినట్టు, వలస మొదలయ్యే నాటికే వోస మెర్సే పోర్చుగల్ మామూలు జనంలోకి దిగివచ్చింది. ఓడెక్కి వచ్చినవాళ్లు దాన్ని వెంట తెచ్చారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, స్థానిక ఆదివాసులు పోర్చుగీసును రెండో భాషగా నేర్చుకున్నప్పుడు తక్కువ క్రియారూపాలున్న వాడుక వాళ్లకు సులువైంది అని మరో వాదన. పెరుగుతున్న నగరాల్లో, ఎదుటివాడి అంతస్తు తెలియనప్పుడు, అటు తు చనువు ఇటు సెన్యోర్ బరువు లేని మధ్యస్థమైన మాట పనికొచ్చిందన్నది ఇంకొకటి. వీటిలో ఏ ఒక్కటీ మొత్తం పటాన్ని వివరించదు. బెలేమ్‌లో, పోర్టో అలెగ్రేలో తు ఎందుకు నిలిచిందో చెప్పాలంటే ఒక్కో ప్రాంతపు వలస చరిత్రను విడిగా చదవాలి. మొదటి, మూడో కారణాలు కలిసి పనిచేశాయన్న వివరణే నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. ఉత్తరాలు, నాటకాల సాక్ష్యం నగరాల ఎదుగుదలతో కాలం కలుపుతోంది. స్పానిష్ ఉస్తెద్ మాత్రం పై మెట్టు మీదే ఉండిపోయింది. అక్కడ దానిని తొక్కుకుంటూ మీదికి ఎక్కిన మరో రోజువారీ మర్యాద మాట లేదు. పోర్చుగీసులో సెన్యోర్ ఆ స్థానం ఆక్రమించింది. పైన చోటు నిండినప్పుడు వొసేకు కిందికి దిగక తప్పలేదు.

మనకేం పని?

పోర్చుగీసు వర్తకులతో, మతగురువులతో, పనివాళ్లతో మనకు జరిగిన రాకపోకలకు గుర్తుగా మేస్త్రీ, అలమర, తువాలు, పీపా, పాదిరి, అనాస తెలుగులో మిగిలాయి. వస్తువులతో పేర్లు వచ్చాయి, పిలుపు రాలేదు. నామవాచకాలు సరుకుతో పాటు సులువుగా ప్రయాణిస్తాయి. సర్వనామాలు ఇంటి లోపలి సంబంధాల మాటలు కనుక అంత తేలిగ్గా చేతులు మారవు.

ఇప్పుడు పోర్చుగల్‌లో ఉన్న విదేశీయుల్లో బ్రెజిల్ వాళ్లే అందరికన్నా ఎక్కువ. కార్యాలయంలో, తరగతి గదిలో, దుకాణంలో వాళ్లు మామూలుగా అన్న వొసే స్థానికులకు పొగరుగా వినబడుతుంది. స్థానికులు పేరుతో, బిరుదుతో చుట్టూ తిప్పి పిలిస్తే బ్రెజిల్ వాళ్లకు అది దూరం పెట్టినట్టు తోస్తుంది. ఇద్దరిలోనూ అమర్యాద లేదు. ఒప్పందాలు వేరు, అంతే.

ఈ మాట మనం ఇక్కడ కూడా గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణ పల్లెల్లో, ఉత్తరాంధ్రలో కన్నతల్లిని, తండ్రిని, మేనమామను ‘నువ్వు’ అనడం ప్రేమలో భాగం. గోదావరి జిల్లాల్లో మాట మాటకీ ‘అండి’ చేరడం అక్కడి మన్నన. ఒకరి అలవాటును మరొకరు సినిమాల్లో మోటుగానో, అతివినయంగానో చూపించడం, నగరాల హాస్టళ్లలో ఎగతాళి చేయడం దశాబ్దాలుగా సాగుతోంది. మరన్యావ్ వాళ్లను నెత్తికెత్తుకుని రియో వాళ్లను తక్కువ చేసిన పొరపాటే ఇది కూడా.

అనువాదకులకూ ఒక మనవి. పోర్చుగీసు కథలు ఇంగ్లిష్ మీదుగా తెలుగులోకి వచ్చినప్పుడు తు, వొసే, సెన్యోర్ మూడూ ఒకే మాటగా చదునైపోతాయి. మన భాషకు నువ్వు, మీరు, తమరు అనే మెట్లున్నాయి. వాటిని వాడుకునే అవకాశం పోగొట్టుకోకూడదు. వొసే కనబడగానే ‘మీరు’ అని రాసేయకండి, ‘నువ్వు’ అనీ రాసేయకండి. పాత్ర ఏ ఊరిది, ఏ కాలానిది, ఎవరితో మాట్లాడుతోంది అని మూలం దగ్గరికి వెళ్లి అడగండి. సావో పావులో స్నేహితుల మధ్య అది ‘నువ్వు’. 18వ శతాబ్దపు వర్తకుడి నోట ‘మీరు’. ఈనాటి లిస్బన్ ఇంట్లో చిన్నవాడు పెద్దవాడితో అంటే, తెలుగులో కూడా అది కాస్త గుచ్చుకోవాలి.